ఎర్రచందనం వేరులో నీలిరంగు వెతికే ముందు

చి. సుజాతకు బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. వేరు ముక్కలన్నీ టీ డికాషన్‌లో నానబెట్టినట్టున్నాయి. "ఎర్రచందనంలో మైకోరైజా లేదేమో బాబాయ్" అని రాశావు. మైకోరైజా అంటే వేరూ శిలీంధ్రమూ కలిసి బతికే పొత్తు, అది లేదని అప్పుడే అనకమ్మా. మామిడి, వేప, టేకు, ఎర్రచందనం, ఇలా మన చెట్లలో ఎక్కువభాగం ఆర్బస్క్యులర్ రకం శిలీంధ్రాలతోనే కాపురం చేస్తాయి. పైన్, గుగ్గిలం చెట్ల వేరు కొసలకుండే బూజు తొడుగు వీటికి ఉండదు. వ్యవహారమంతా వేరు బెరడు కణాల లోపలే. రంగు వెయ్యందే కనపడదు, రంగు సరిగ్గా పట్టకపోతే ఉన్నదాన్ని లేదని రాసేస్తాం.

ముందు ఉల్లివేరు మీద నీ చెయ్యి తిరగనీ. ఎరువు ఎక్కువ పడని మడిలోంచి ఆరు వారాల మొక్కను మట్టితో సహా తవ్వి తెచ్చుకో. ఉల్లివేరులో సొంత రంగు దాదాపు ఉండదు కాబట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, అంటే 10 శాతం కెఓహెచ్‌లో 90 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలకే తేటపడుతుంది. కణంలో శిలీంధ్రం వేసే పొదలాంటి కొమ్మల గుత్తి, అంటే ఆర్బస్క్యూల్, ఎలా ఉంటుందో కంటికి అలవాటయ్యాకే చెట్టు వేరు పట్టుకో. ప్రతి విడతలోనూ ఒక ఆవ మొక్క వేరు కూడా వెయ్యి. ఆవ కుటుంబం ఈ శిలీంధ్రంతో పొత్తు పెట్టుకోదు. ఆవవేరులో కూడా నీకు ఆర్బస్క్యూల్స్ కనపడ్డాయంటే తేడా వేరులో లేదు, నీ కంట్లో ఉంది!

ఇక నీ మూడో ఫొటో సంగతి. అందులో ఉన్నది వేరు కాదు, వేరు మధ్యలో ఉండే కడ్డీ. కుళాయి ధార కింద పెట్టి కడిగి ఉంటావు, బెరడు ఊడి నీళ్ళతో పోయింది. శిలీంధ్రం ఉండేదే ఆ బెరడులో. నర్సరీ సంచిని నిలువునా కోసి, మట్టిగడ్డను బకెట్ నీళ్ళలో అరగంట నాననిచ్చి, చేత్తో మెల్లగా విడదియ్యి. మందం 1 మి.మీ. లోపున్న లేత పీచువేర్లే తీసుకో. ముదురు వేర్లు లావెక్కేటప్పుడు బెరడును రాల్చేసుకుంటాయి, వాటిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు. 1 సెం.మీ. ముక్కలుగా కోసి, మొక్కకు ఒక గ్రాము చొప్పున 50 శాతం ఆల్కహాల్‌లో దాచుకో. లేబుల్ పెన్సిల్‌తోనే రాయి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

శేషాచలం అడవిలోంచి వేర్లు తెచ్చుకుంటానన్నావు. అటవీశాఖ రాతపూర్వక అనుమతి చేతికొచ్చేదాకా అడుగు పెట్టకు. ఎర్రచందనం విషయంలో వేరు ముక్కైనా చిక్కే. పైగా అడవిలో పక్క మొక్కల వేర్లు కలిసిపోతాయి, మొదలు నుంచి పట్టుకుని కొస దాకా వెళ్తే తప్ప ఏది ఎవరిదో తెలీదు. తొలి ఏడాదికి నర్సరీ మొక్కలు చాలు.

చెట్టు వేరులో టానిన్లు ఎక్కువ, ఉల్లికి పెట్టిన టైము దీనికి చాలదు. అదే 10 శాతం కెఓహెచ్‌లో 90 డిగ్రీల వాటర్ బాత్‌లో 45 నిమిషాల నుంచి గంట ఉంచు. ద్రవం కాఫీ రంగుకు తిరిగినప్పుడల్లా పారబోసి కొత్తది పొయ్యి. కెఓహెచ్ కలిపేటప్పుడు నీళ్ళలోకి బిళ్ళలు కొద్దికొద్దిగా వెయ్యాలి. బిళ్ళల మీద నీళ్ళు పోస్తే వేడెక్కి ముఖం మీదికి చిమ్ముతుంది. తొందరపడి, ఆవిరి ఒత్తిడితో ఉడికించే ఆటోక్లేవ్‌లో పెడితే లేత వేరు గుజ్జయిపోతుంది. ఇంత చేసినా గోధుమరంగు మిగిలితే 567 మి.లీ. నీళ్ళలో 10 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 30 మి.లీ., అమ్మోనియా ద్రావణం 3 మి.లీ. కలిపి అందులో వెయ్యి. ఇది అప్పటికప్పుడు కలుపుకోవలసిందే, నిలవది పనిచెయ్యదు. పది నిమిషాల తర్వాత చూడటం మొదలుపెట్టి, వేరు లేత పసుపుకు రాగానే తీసెయ్యి. తెల్లగా మెరిసిపోవాలని ఉంచితే లోపలి శిలీంధ్రం కూడా దెబ్బతింటుంది.

తర్వాతి మెట్టు నువ్వు వదిలేశావని నా అనుమానం. నీ నోట్స్‌లో ఆమ్లం ప్రస్తావనే లేదు. మూడుసార్లు నీళ్ళతో కడిగాక 1 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచాలి. వేరులో క్షారం మిగిలితే శిలీంధ్రాన్ని చూపించే నీలిరంగు, ట్రిపాన్ బ్లూ, పట్టదు. ఆమ్లం నుంచి తీశాక మళ్ళీ కడగకుండా నేరుగా రంగులోకే: లాక్టిక్ ఆమ్లం, గ్లిజరిన్, నీళ్ళు సమపాళ్ళు, అందులో 0.05 శాతం ట్రిపాన్ బ్లూ, 90 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. ఆపైన రంగులేని అదే ద్రావణంలో ఒక రాత్రంతా ఉంచితే అదనపు నీలం దిగిపోతుంది. ఈ పద్ధతికి మూలం 1970లో ఫిలిప్స్, హేమన్ ఇచ్చిన వంటకమే. ట్రిపాన్ బ్లూ క్యాన్సర్ కారకమని అనుమానం ఉంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు, వాడిన ద్రావణం సింకులో పొయ్యకు. అంత గొడవెందుకనుకుంటే 1998లో వచ్చిన సిరా, వెనిగర్ పద్ధతి ఉంది: 5 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్న తెల్ల వెనిగర్‌లో 5 శాతం నల్ల సిరా కలిపి మూడు నిమిషాలు మరిగించడమే. అన్ని సిరాలూ పనిచెయ్యవు, ముందు ఉల్లివేరు మీద పరీక్షించుకో.

మైక్రోస్కోప్ కింద 200 రెట్లలో చూడు. మన శిలీంధ్రపు పోగుల్లో అడ్డుగోడలు దాదాపు ఉండవు, మందం ఒకేలా ఉండదు. గోధుమరంగులో, అడ్డుగోడలతో వెదురు కణుపుల్లా కనపడేవి వేరే జాతి. వాటిని లెక్కలో కలపకు, పక్క కాలమ్‌లో రాసుకో. ఇంకో మాట, పుస్తకాల బొమ్మల్లో ఉండే పొదలాంటి ఆర్బస్క్యూల్ చాలా చెట్లలో అంత ముచ్చటగా కనపడదు. పోగు ఒక కణంలోంచి పక్క కణంలోకి దూరి, తాడు చుట్టినట్టు చుట్టలు చుట్టుకుంటుంది, ఆ చుట్టల మీదే చిన్న చిన్న కొమ్మలుంటాయి. దీన్నే పారిస్ రకం అంటారు. ఉల్లివేరుతో పోల్చుకుని "ఆర్బస్క్యూల్ సున్నా" అని రాసేది ఇక్కడే. చుట్టలకు విడిగా కాలమ్ పెట్టు.

లెక్కకు 1990 నాటి గీత పద్ధతి వాడు. వేరు ముక్కలను స్లైడ్ మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి, ఐపీస్‌లోని గీత వేరును దాటిన ప్రతిచోటా ఆ గీత దేన్ని తాకిందో రాయాలి: ఏమీ లేదు, పోగు, వెసికిల్ (శిలీంధ్రపు ఉబ్బు సంచి), ఆర్బస్క్యూల్, చుట్ట. మొక్కకు కనీసం 100 చోట్లు, 150 అయితే నయం. వేరు పొడవు కూడా కావాలంటే పెట్రి డిష్ కింద అర అంగుళం గళ్ళ కాగితం పెట్టి, వేర్లు గీతలను ఎన్నిసార్లు దాటాయో లెక్కపెట్టు. ఆ అంకెను 11/14తోనూ 1.27తోనూ హెచ్చవేస్తే ఇంచుమించు అదే అంకె తిరిగొస్తుంది, అంటే దాటిన సంఖ్యే సెంటీమీటర్లలో పొడవు. స్లైడ్ల మీద లేబుళ్ళు మాత్రం నీ స్నేహితురాలితో మార్పించు. ఏది శిలీంధ్రం వేసిన మొక్కో తెలిస్తే కన్ను దానికి రెండు మార్కులు ఎక్కువ వేస్తుంది.

శిలీంధ్రం వేస్తే ఎర్రచందనం మొక్క ఎలా పెరుగుతుందో, నీటి ఎద్దడిని ఎలా తట్టుకుంటుందో చూసే నీ ప్రయోగం ప్లాన్‌లో నాకు నచ్చనిది కంట్రోల్, అంటే పోల్చి చూడటానికి శిలీంధ్రం వెయ్యకుండా ఉంచే గుంపు. "శిలీంధ్రం వెయ్యని మట్టి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. మొక్కకు శిలీంధ్రం అంటించడానికి నువ్వు వేసే ఇనాక్యులమ్‌లో శిలీంధ్రం ఒక్కటే ఉండదు, బాక్టీరియా ఉంటుంది, పోషకాలుంటాయి. ఎర్రచందనం చిక్కుడు కుటుంబపు చెట్టు, వేర్లకు బుడిపెలు కట్టించే రైజోబియం అనే బాక్టీరియా కూడా అందులో వచ్చిందంటే మొక్క పెరిగింది ఎవరి పుణ్యమో చెప్పలేవు. అందుకని కంట్రోల్ సంచులకు అంతే బరువు ఇనాక్యులమ్‌ను ఆటోక్లేవ్ చేసి వెయ్యి. పచ్చి ఇనాక్యులమ్ కలిపిన నీళ్ళను వాట్‌మన్ 1 కాగితంలో రెండుసార్లు వడకట్టి అన్ని సంచులకూ సమానంగా పొయ్యి. బాక్టీరియా కాగితం దాటుతుంది, శిలీంధ్రపు విత్తుల్లాంటి స్పోర్లు ఆగిపోతాయి. మట్టిని 121 డిగ్రీల దగ్గర గంట చొప్పున వరుసగా రెండు రోజులు ఆటోక్లేవ్ చేశాక వెంటనే నాటకు. వేడికి మాంగనీసు, అమ్మోనియా విడుదలై లేత మొక్కలు మాడతాయి. తడిపి రెండు వారాలు వదిలెయ్యి.

నర్సరీ వాళ్ళ మిశ్రమంలో పశువుల ఎరువు దండిగా ఉంటుంది, పైన డిఎపి అనే భాస్వరం ఎరువు చల్లుతారు. భాస్వరం చేతికందేలా ఉంటే చెట్టు శిలీంధ్రానికి చక్కెర, కొవ్వులు ఇచ్చి పోషించాల్సిన అవసరమేముంది? నీ సంచుల్లో ఇసుక, మట్టి సమపాళ్ళలో కలుపు, డిఎపి జోలికి పోకు. మూడో గుంపు ఒకటి తప్పనిసరిగా పెట్టు: శిలీంధ్రం లేదు, భాస్వరం మాత్రం మైకోరైజా మొక్కలంత సైజు వచ్చేలా ఇచ్చినవి. ఎంత వెయ్యాలన్నది చిన్న ట్రయల్‌లో నాలుగు మోతాదులు వేసి తేల్చుకో. ఈ గుంపు లేకుండా నీటి ఎద్దడి పరీక్షకు వెళ్ళకు. పెద్ద మొక్క అదే సంచిలో నీళ్ళు త్వరగా తాగేస్తుంది, పది రోజులు నీళ్ళు ఆపితే చిన్న మొక్కకు ఇంకా తడి మిగిలే ఉంటుంది. రోజూ సంచులు తూచి, తగ్గినంత నీళ్ళు పోసి, అన్నిటినీ ఒకే తేమ దగ్గర నిలబెట్టు. కిరణజన్య సంయోగక్రియ కొలతలు ఉదయం 9, 11 మధ్యే. మన ఎండలకు మధ్యాహ్నం పత్రరంధ్రాలు మూసుకుపోతాయి.

బజారులో ఈ రకం శిలీంధ్రాల ఇనాక్యులమ్‌గా దొరికే వామ్ ప్యాకెట్‌ను నమ్మి నేరుగా వాడొద్దు. కొంత తీసి శుభ్రమైన ఇసుకలో జొన్న నాటి, ఆరు వారాలకు వేరు చూడు. జొన్నలో రానిది ఎర్రచందనంలో రాదు. గుంపుకు పది సంచులు పెట్టు. ఒక సంచిలోని యాభై వేరు ముక్కలు యాభై శాంపిళ్ళు కావు, ఒక్కటే.

పరిచయంలో చెట్లు శిలీంధ్ర దారాల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని రాశావు, అది తీసెయ్యి. కెనడాలో బిర్చ్, డగ్లస్ ఫర్ మధ్య కార్బన్ మారిందని 1997లో ఐసోటోపులతో చూపారు. అది నిజమే, కానీ అది పోగుల్లోంచే వెళ్ళిందా, మట్టిలోంచి వెళ్ళిందా అన్న తగువు తెగలేదు. ఇలాంటి ఉపమానాలకు అడవిలో దొరికిన సాక్ష్యం చాలదని 2023లో ఆ రంగంవాళ్ళే రాశారు. నీ చేతిలో ఉన్నది నర్సరీ సంచి, దాని గురించే రాయి.

వచ్చే వారం ఉల్లి, ఆవ, ఎర్రచందనం వేర్లు మూడూ ఒకే రోజు, ఒకే సీసాలోని రంగుతో చేసి ఫొటోలు పంపు. ఈసారి స్కేల్ బార్ మర్చిపోకు.

మీ బాబాయి