ముందు కారు దిగు

అమ్మాయీ,

నీ కథ చదివాను. రైతుబజారులో ముసలమ్మ కొసరేసే చోటు బాగుంది. కానీ నీ నాయిక పురానాపూల్ మీద కారాపి, అద్దం దించి, మూసీని చూసి ఏడుస్తుందే, అక్కడ నాకు ఒళ్ళు మండింది. 1578లో కట్టిన ఆ వంతెన మీద కూరగాయల తట్టలుంటాయి. కార్లు పక్కనున్న కొత్త వంతెన మీంచి పోతాయి. చార్మినార్ కన్నా పదమూడేళ్ళు పెద్దదాన్ని నువ్వు ఫోన్లో చూసి రాశావు.

పైగా ‘ఇది సైకోజియోగ్రఫీ కథ’ అంటావు. ఇరానీ చాయ్, పాత గోడ, కాస్త దిగులు కలిపి ఆ పేరు పెట్టడం ఇప్పుడు ఫ్యాషనైంది. ఫ్రెంచి రచయిత గీ డెబోర్ 1955లో ఆ మాటకు చెప్పిన అర్థం వేరు: పరిసరాలు మనిషి మనసునీ నడవడినీ ఏం చేస్తాయో కనిపెట్టడం. దానికి పనిముట్టు కాళ్ళే. పని పెట్టుకోకుండా, వీధి ఎటు లాగితే అటు పోవడం. ఆయనే ఒక పారిస్ విద్యార్థిని సంగతి ఎత్తుతాడు. ఏడాదిపాటు ఆమె తిరిగిన దారులు పటం మీద గీస్తే చిన్న త్రిభుజం తేలిందట: కాలేజీ, ఇల్లు, పియానో టీచరిల్లు. నీ హైదరాబాదూ అంతే. మాదాపూర్ ఆఫీసు, కూకట్‌పల్లి ఫ్లాటు, మధ్యలో కాఫీ షాపు. ఆ త్రిభుజమే రాయి, నాకేం అభ్యంతరం లేదు. లేనిది అతికించకు.

నేను ప్రూఫులు దిద్దే రోజుల్లో రాత్రి డ్యూటీ దిగాక బస్సులుండేవి కావు. నారాయణగూడ నుంచి కాచిగూడ, నింబోలిఅడ్డ, చాదర్‌ఘాట్ మీదుగా మలక్‌పేట దాకా నడకే. కాచిగూడలో కాళ్ళు బరువెక్కేవి, చాదర్‌ఘాట్ వంతెన దగ్గర జోరందుకునేవి. కుక్కల భయమా అంటే, కుక్కలు దారంతా ఉండేవి. ఎందుకలా అన్నదే కథ చేశాను. ఎడిటరు గారు ‘ఈ గల్లీల పేర్లు పాఠకుడికెందుకండీ’ అని అన్నీ కొట్టేశారు. మరుసటి నెల అదే పత్రికలో ఫ్రెంచి కథకు అనువాదం. పారిస్ వీధి పేరు ఒక్కటీ పోలేదు!

ఇంకోటి. అఫ్జల్‌గంజ్‌లో పొద్దుగూకాక నీ నాయిక ఒంటరిగా నడుస్తుంటే ఒక్కడూ ఆమె వంక చూడడు. నమ్మమంటావా? ఎటంటే అటు తిరగడం డెబోర్ లాంటి మగాళ్ళకు తేలిక. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా 1962 సినిమా ‘క్లియో ఫ్రమ్ 5 టు 7’ చూడు. వైద్య పరీక్ష ఫలితం కోసం కాచుక్కూచున్న గాయని, సగం సినిమా దాకా అద్దాల్లో తననే చూసుకుంటుంది. విగ్గు తీసేసి వీధిన పడ్డాక ఊరిని చూడ్డం మొదలెడుతుంది. జనం చూపులూ ఆమె దారిలో భాగమే. అది నాకంటే నువ్వే బాగా రాస్తావు.

నువ్వడిగిన ముందుమాట, పబ్లిషరు సంగతులు తర్వాత. తిరగరాసేటప్పుడు ఏడుపు పేరాలు తీసెయ్. గల్లీల పేర్లు ఎవరు తీయమన్నా తీయకు.