బుజ్జికి, మత్తు డాక్టరు మామయ్య రాసేది

అనంతపురం

బుజ్జీ,

నీ అనస్థీషియా (మత్తు వైద్యం) పీజీ సీటు గురించి మీ నాన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. కర్నూలు అయితే నంద్యాలకు దగ్గర, పాత కాలేజీ, పేరుంది, అదే మొదటి ఆప్షన్ పెట్టమని నీకు చెప్పమంటాడు. నువ్వేమో హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి డీఎన్‌బీ (కాలేజీ ఎండీ లాంటిదే, ఆసుపత్రిలో చేసే పీజీ) అంటున్నావు. మధ్యలో మా ఊరి కాలేజీ సంగతి ఎవరూ ఎత్తడం లేదు, సరే.

కర్నూలు కాలేజీ 1957 నాటిది. గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు అక్కడికే వస్తారు. అనంతపురం 2000లో, కడప 2006లో వచ్చాయి. మీ నాన్న చూసేది ఈ లెక్క. కేసులు ఎక్కువుంటే చేయి తిరుగుతుంది, నిజమే. కానీ పక్కన నిలబడి తప్పు దిద్దేవాడు లేకపోతే ఆ తప్పుతోనే చేయి తిరుగుతుంది.

నా రెండో సంవత్సరంలో (కాలేజీ పేరు ఎందుకులే) ఒక రాత్రి పేగు చిల్లుపడిన రైతు వచ్చాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరివాడు, మెడ కర్రలా బిగుసుకుపోయి ఉంది. అలాంటి మెడ వెనక్కి వంగదు, గొంతులోకి చూసే లారింగోస్కోప్ పెట్టినా స్వరపేటిక కనబడదు. పైగా కడుపు నిండా ఉంది. సార్‌కు ఫోన్ చేస్తే, "ట్రై చేసి చూడు, కాకపోతే చెప్పు" అన్నాడు. శ్వాసనాళంలోకి ట్యూబ్ వేయబోతే రెండుసార్లు తప్పింది, ఆక్సిజన్ పడిపోతోంది. థియేటర్ సిస్టర్ తాళం తీసి బీరువాలోంచి బూజీ (ట్యూబ్‌కు దారి చూపే సన్నటి కడ్డీ) తెచ్చిచ్చింది. దాని మీదుగా మూడోసారి ట్యూబ్ దిగింది. రైతు బతికాడు. నేను మాత్రం వారం రోజులు డ్యూటీ అంటే వణికాను. మన అనంతపురం వైపు ఇలాంటి మెడలూ, సూది దిగని వెన్నులూ నీకు ఎదురవుతూనే ఉంటాయి. అందుకే ఏ కాలేజీకి వెళ్లినా మొదట అడగాల్సింది రెండే: రాత్రి రెండు గంటలకు పిలిస్తే సీనియర్ లేచి వస్తాడా? ఫైబర్ఆప్టిక్ స్కోప్ (ఇలాంటి గొంతులో లోపలికి చూస్తూ ట్యూబ్ వేసే వంగే గొట్టం) పీజీల చేతికిస్తారా, తాళంలో పెడతారా?

డీఎన్‌బీ గురించి. అక్కడ మిషన్లు బాగుంటాయి, గుండె, మెదడు ఆపరేషన్లు కళ్లారా చూస్తావు. కానీ డబ్బు కట్టిన రోగి కాబట్టి ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే మత్తు) కన్సల్టెంటే వేస్తాడేమో, నువ్వు ట్రే పట్టుకుని నిలబడతావేమో. అక్కడి రెండో సంవత్సరం పీజీ లాగ్‌బుక్ (చేసిన కేసులు రాసుకునే పుస్తకం) అడిగి చూడు. "అసిస్టెడ్" (పక్కన సాయం చేశాను) అన్న మాటే వరసగా కనిపిస్తే నీకు అర్థమైపోతుంది. ఎండీ, డీఎన్‌బీ రెండూ మూడేళ్లే, ఆ తేడా గురించి టెన్షన్ వద్దు.

ఐసీయూ ఎవరి చేతిలో ఉందో కూడా చూడు. మన సీమలో పురుగుమందు తాగినవాళ్లు, పాము కరిచినవాళ్లు వెంటిలేటర్ మీదకు వస్తూనే ఉంటారు. పురుగుమందు తాగినవాడికి స్కోలిన్ (ట్యూబ్ వేయడానికి కండరాలను సడలించే మందు) ఇస్తే నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు గంటలు పట్టుకుంటుంది. పుస్తకంలో అది ఒక్క లైను. రాత్రంతా ఆ మంచం పక్కన కూర్చుంటే జన్మలో మరిచిపోవు. ఐసీయూలో అనస్థీషియా పీజీలకు పని లేని చోటైతే నాకు నచ్చదు.

ఇంకొకటి, అందరూ మరిచిపోయేది. మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో చేయాలి కదా. బ్యాచ్‌కు ఇద్దరే పీజీలుంటే, ఒకరు అటు పోగానే రెండోవాళ్ల మీద డ్యూటీలన్నీ పడతాయి. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకో. స్టైపెండ్ నెలనెలా పడుతుందా, లేడీ పీజీల డ్యూటీ రూముకు లోపల గడియ ఉందా, ఇవీ అడుగు, సిగ్గుపడకు.

హెచ్ఓడీని, అంటే డిపార్ట్‌మెంట్ పెద్దను, కలవకు, ఏం లాభం లేదు. అందరు హెచ్ఓడీలూ బాగుందనే చెబుతారు, నేనూ అలాగే చెప్పేవాణ్ణి. ఆప్షన్లు లాక్ చేసేలోపు రాత్రి పదకొండు దాటాక థియేటర్ బయటికి వెళ్లు. సిజేరియన్ ముగించి టీకి వచ్చే పీజీ ఒకరు ఉండకపోరు. "నిన్న రాత్రి మీతో ఎవరున్నారు?" అని అడుగు. మీ నాన్నను మాత్రం కారులోనే కూర్చోమను.

మామయ్య