1600 మీటర్ల గురించి మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నావని అక్క ఫోన్లో చెప్పగానే సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే "రోజూ ఉరికొచ్చి, నా వల్ల కాదమ్మా అని మంచమెక్కుతున్నాడు" అంది. అందుకే ఈ ఉత్తరం.

మంచి బూట్లు కొనుక్కో. తెల్లవారుజామునే, మట్టి గ్రౌండులోనే ఉరుకు. రోజూ సిమెంటు రోడ్డు మీదైతే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటుంది. లాంగ్ జంప్, షాట్‌పుట్ సంగతి తర్వాత చూద్దాం.

2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్ల పరుగుకు ఇచ్చిన టైము 7 నిమిషాల 15 సెకన్లు. నీకిప్పుడు 9 నిమిషాల 10 సెకన్లు పడుతోందట. అయినా రోజూ మొత్తం దూరం ఉరికి, ఆ 7.15తోనే పోల్చుకుంటున్నావు. అంటే రోజూ పొద్దున్నే ఓడిపోయి ఇంటికొస్తున్నావు. నెలరోజులు అలా ఓడితే ఎవడికైనా నమ్మకం సడలుతుంది. రోజూ పరీక్షే రాస్తుంటే చదివేదెప్పుడురా?

తగ్గాల్సింది 115 సెకన్లు. పన్నెండు వారాలు పెట్టుకో. మొదటి రెండు వారాల్లో 30 సెకన్లు తగ్గితే చాలు. ఆపైన రెండేసి వారాలకు 25, 25, 20, 15, 10. మొదట్లో ఒళ్లు తొందరగా అలవాటుపడుతుంది, పోనుపోను ఒక్కో సెకనూ కష్టం మీద వస్తుంది. అన్నీ కలిపితే 125. పది సెకన్లు చేతిలో మిగులుతాయి. ఎక్కడైనా ఆగిపోతే అదే టైముతో ఇంకో వారం చెయ్, అప్పుడే ఇంకా తక్కువ టైముకు పోవద్దు.

సోమవారం అరగంట, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. శుక్రవారం కూడా అంతే. బుధవారం మాత్రం 200 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 54 సెకన్లలో, మధ్యలో రెండు నిమిషాల నడక. 54ని ఎనిమిదితో హెచ్చవేసి చూడు, 7 నిమిషాల 12 సెకన్లు! ఉద్యోగం తెచ్చే వేగం నీ కాళ్లలో ఉందని బుధవారం బుధవారం నీకే తెలుస్తుంది. దాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకోవడమే మిగిలింది. పూర్తి 1600 పదిహేను రోజులకోసారి, ఆదివారం.

ఆ రోజు మొదటి రౌండులోనే జాగ్రత్త. 80 సెకన్లలో కొట్టేసి మూడో రౌండుకు కాళ్లీడ్చే పిల్లలే ఎక్కువ. తమకు దమ్ము లేదనుకుంటారు పాపం, ఉన్నదంతా మొదట్లోనే ఖర్చుపెట్టేసి. నీ మొదటి గురి 8.40, అంటే 400 మీటర్ల రౌండుకు 2 నిమిషాల 10 సెకన్లు. మొదటి రౌండు 2.05 కన్నా ముందే అయిపోతే అక్కడే వేగం తగ్గించు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. గ్రౌండులో ఎవడో ఒకడు దమ్ముకు ఇంజెక్షనో మాత్రో ఇస్తానంటాడు. ముట్టుకున్నావంటే ఊరుకోను. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఎన్నో రౌండని చూడకుండా ఆగిపో, డాక్టరుకు చూపించుకో. నోటిఫికేషన్ మళ్లీ వస్తుంది, మా అక్కకు నువ్వొక్కడివే నాన్నా.

రెండో ఆదివారం ఉరికాక నాలుగు రౌండ్ల టైములూ విడివిడిగా రాసి పంపు. 8.40 రాకపోయినా పంపు, ఏ రౌండులో పోయిందో చూసి చెబుతాను.

మీ మామ