నాలుగెకరాల మక్క చేనుకి చైన్ లింక్ జాలా, సోలార్ కంచెనా? నా అనుభవం చెప్తా

అన్నా, మీరు అడిగింది ఇదే కదా, హుస్నాబాద్ వైపు గుట్ట పక్కన నాలుగెకరాలు తీసుకున్నారు, మక్క, కొంచెం కూరగాయలు వేస్తారు, రాత్రిళ్ళు అడవి పందులు దిగుతున్నాయి, షాపాయనేమో చుట్టూ చైన్ లింక్ జాలి కొట్టించమంటుండు, మీ ఫ్రెండేమో సోలార్ కంచె, అంటే తీగ ముట్టుకుంటే ఆగాగి షాక్ కొట్టేది, అదే చాలంటుండు. మా చేను కూడా గుట్టకి ఆనుకునే ఉంటది, ఇప్పటికి మూడు రకాల కంచెలు వేసినం, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మేం మొదటిసారి కంచె వేసింది 2016లో. సిమెంటు కడీలు (స్తంభాలు), ఐదు వరసల ముళ్ళ తీగ, చూడ్డానికి చాలా బాగుండె. ఆ వానాకాలం మక్క కంకి పాలు పోసుకునే టైంకి ఒకరోజు పొద్దుగాల బాపు ఫోన్ చేసి చేను పడిపోయింది రా అన్నడు. పోయి చూస్తే పది గుంటల దాకా నేలమట్టం, కంకులు సగం సగం కొరికి పడేసినయి, కానీ కంచె ఒక్క తీగ కూడా తెగలేదు. చుట్టూ తిరుగుతుంటే గుట్ట వైపు గెట్టు కొంచెం పల్లంగా ఉన్న దగ్గర, కింది తీగ కింద మట్టి నున్నగా దోనెలా అరిగిపోయి ఉంది, పైన ముల్లుకి ఎండిన బురదతో నాలుగు నల్ల వెంట్రుకలు, చీపురు పుల్లల్లా బిరుసుగా, ఒక్కోదాని కొస రెండుగా చీలి ఉంది. మనిషి దూకకుండా పై తీగలు గట్టిగా లాగించినం, పంది మాత్రం నేలకి ఆనుకొని పాకి వచ్చింది. అప్పటి నుంచి ఎవరు కంచె గురించి అడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే, నేల నుంచి మొదటి అడుగున్నర ఎట్లా కట్టిస్తారో అది తేల్చుకోండి, మిగతా కంచె సంగతి తర్వాత.

షాపుకి పోయే ముందు రెండు రోజులు పొద్దున్నే గెట్ల వెంట తిరగండి, వాన పడ్డ తెల్లారైతే ఇంకా మంచిది, అడుగులు కనపడతయి. పందులు ఎక్కువగా అలవాటైన దారుల్లోనే వస్తయి, ఆ రెండు మూడు జాగలు గుర్తు పెట్టుకోండి. పగటి పూట మేకలు, బర్లు ఎటు నుంచి వస్తున్నయో కూడా చూడండి, పశువులకైతే ముళ్ళ తీగ సరిపోతది, పందికి సరిపోదు. కోతుల సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా, జాలి వాటికి నిచ్చెన లెక్క, ఎక్కి దిగుతయి. కూరగాయలు ఇంటి దగ్గర మనిషి కనపడే వైపు పెట్టుకోండి, కంచెకి ఆనుకొని చెట్లు ఉంచకండి, అంతకు మించి నాకు దారి దొరకలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, సర్వే చేయించకుండా ఒక్క గుంత కూడా తీయొద్దు. హద్దు రాళ్ళు పాత ఆసామి చూపించిండని నమ్మి వేస్తే రేపు పక్కాయన కొలిపిస్తే కడీలన్నీ పీకాల్సి వస్తది. మీసేవలో ఎఫ్ లైన్ కి, అంటే హద్దులు కొలిచి చూపించే సర్వేకి, అప్లై చేసి, సర్వేయర్ వచ్చినప్పుడు నాలుగు పక్కల వాళ్ళనీ పిలవండి, వాళ్ళ ముందే రాళ్ళు పాతించండి. బండ్ల బాట ఏదన్నా ఉంటే దాన్ని మూయకండి, పన్నెండడుగులు వదిలితే ట్రాక్టర్ పోతది, ఆ బాటన పోయే పక్కాయనే రేపు మీరు ఊళ్ళో లేనప్పుడు కంచె తెగింది తమ్మీ అని ఫోన్ చేసేటాయన. కంచెని కూడా, అన్నిటికంటే బయటి తీగ నుంచి లెక్క చూసుకొని, మీ హద్దుకి ఒక అడుగు లోపలికే వేసుకోండి, బయట నిలబడి రిపేరు చేసుకోవడానికి జాగ ఉండాలె.

లెక్క ఎట్లా వేయాలో చెప్తా, రేట్లు మాత్రం రాయను, ఇనుము ధర మారుతూనే ఉంటది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. మీ నాలుగెకరాలు చదరంగా ఉంటే ఒక్కో పక్క 417 అడుగులు, చుట్టు కొలత 1,670 దాకా, ఎనిమిది అడుగులకో కడీ అంటే 210 కడీలు. అదే నాలుగెకరాలు పట్టీ లాగ 209 అడుగుల వెడల్పు, 835 పొడుగు ఉంటే చుట్టు కొలత 2,088 అవుతది, కడీలు 260 దాటుతయి. అందుకే ఎకరానికి ఇంత అని చెప్పే కొటేషన్ తీసుకోవద్దు, అడుగుల లెక్కనే తీసుకోండి. తీగ కిలోల్లో అమ్ముతరు, కిలోకి ఎన్ని అడుగులు వస్తదో అడగండి, గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావు అని గుర్తుంచుకోండి, 12 గేజ్ రెండున్నర మిల్లీమీటర్ల పైన ఉంటది, 14 గేజ్ రెండు మిల్లీమీటర్లే, అలవాటు లేని చేతికి రెండూ ఒకే తీరు అనిపిస్తయి.

కడీలు రాతివి దొరికితే రాతివే తీసుకోండి, బరువే గాని తుప్పు లేదు, చెద లేదు, సుత్తితో కొడితే ఖంగుమనాలె, బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. సిమెంటువి అయితే లోపల ఎన్ని ఇనుప చువ్వలు ఉన్నయో, ఎన్ని రోజులు నీళ్ళు పట్టించిండ్రో అడగండి, మా మొదటి లోడులో దించేటప్పుడే పదకొండు విరిగినయి, పచ్చిగా ఉన్నప్పుడే పంపిండ్రు. ఏడడుగుల కడీ అయితే రెండడుగులు భూమిలోకి పోవాలె. ఎర్ర చెలకలో మట్టి కొట్టి బిగించినా నిలుస్తది కానీ నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతది, ఎండకి నెర్రెలిస్తది, రెండేళ్ళలో కడీలు వంగుతయి, అక్కడ గుంత లోతు పెంచి కాంక్రీటు వేయాల్సిందే. మూలల్లో, గేటు దగ్గర, ప్రతి వంద అడుగులకీ దన్ను కడీ (నిలువు కడీకి వాలుగా ఆనించేది) పెట్టించండి, బిగువంతా వాటి మీదనే ఉంటది. తీగ ఎండ పూట లాగించండి, చలికి లాగిన తీగ వేసవిలో జారుతది.

ఇక మీ అసలు ప్రశ్న. జాలి వేయించినా కింది అంచు గాల్లో ఉంటే పంది ముట్టెతో లేపి దూరుతది, అందుకని జాలి అడుగున నేలకి ఆనించి ఒక ముళ్ళ తీగ మేకులతో కొట్టించి గుట్ట రాళ్ళు వరసగా పేర్పించండి. సోలార్ అయితే రెండు తీగలు తప్పకుండా కింద ఉండాలె, నేల నుంచి తొమ్మిది అంగుళాలకి ఒకటి, పద్దెనిమిదికి ఒకటి, పంది ముక్కుకి తగలాలె అది. మా దగ్గర ఇప్పుడున్నది పాత ముళ్ళ తీగనే, దాని బయట ఒక అడుగు దూరంలో ఈ రెండు సోలార్ తీగలు, గుట్ట వైపు మాత్రం నాలుగు. మీ చేనుకి నేను చెప్పేదీ ఇదే, చుట్టూ జాలి కొట్టేంత ఖర్చు అక్కర్లేదు.

కానీ సోలార్ అంటే పెట్టి మర్చిపోయేది కాదు. కింది తీగకి గడ్డి తగిలితే కరెంటంతా భూమిలోకి దిగిపోతది, వానాకాలం పది పన్నెండు రోజులకోసారి తీగ కింద గడ్డి కొయ్యాలె. ఎర్తింగ్ రాడ్లు తడి ఉండే చోట దింపి, ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం రెండు బిందెల నీళ్ళు పోస్తూ ఉండాలె. మా సోలార్ మిషన్, అంటే తీగకి షాక్ పంపే పెట్టె, ఒక ఏప్రిల్ లో టిక్ టిక్ అంటూనే ఉంది కానీ తీగలో దమ్ము లేదు, బ్యాటరీ పోయిందనుకున్నం, చూస్తే ఎర్త్ దగ్గర మట్టి రాయిలా ఎండిపోయింది. అందుకే తీగ మీద పెట్టి చూసే టెస్టర్ ఒకటి కొనుక్కోండి.

దయచేసి ఎవరు చెప్పినా ఇంటి కరెంటు గానీ మోటర్ వైరు గానీ కంచెకి ఇవ్వకండి. సోలార్ మిషన్ కరెంటు సెకనుకి ఒక్కసారి, అదీ రెప్పపాటు కంటే తక్కువ కొట్టి ఆగుతది, వోల్టేజీ వేలల్లో ఉన్నా విదిలించి వదిలేస్తది. లైన్ కరెంటు ఆగదు, చెయ్యి బిగుసుకుపోతది, విడిపించుకోలేరు. మా పక్క ఊళ్ళో నీళ్ళు పెట్టడానికి రాత్రి పోయిన మనిషి పక్క చేను తీగకి తగిలి తెల్లారేదాకా అక్కడే పడి ఉన్నడు, ఆయనకి ఇద్దరు చిన్న పిల్లలు. అది నేరం కూడా, జైలుకి పోతరు. ఐఎస్ఐ మార్కున్న మిషనే కొని పసుపు బోర్డులు కట్టించండి, పిల్లలకి కూడా అర్థమయ్యేటట్టు.

పచ్చ కంచె కూడా ఈ జూన్ లోనే మొదలుపెట్టండి, వాక్కాయ గానీ గచ్చ గానీ కంచె లోపలి వైపు రెండు వరసలు, అడుగుకో మొక్క. దట్టం కావడానికి మూడేళ్ళు పడతది, ఆ తర్వాత తీగ తుప్పు పట్టినా భయం లేదు. సర్కారు తుమ్మ మాత్రం వద్దు, చేనంతా పాకుతది.

గేటు కింద సందు నాలుగు వేళ్ళ కంటే ఎక్కువ ఉంచకండి, మాకు రెండోసారి పందులు అక్కడి నుంచే వచ్చినయి. మీ చేన్లోంచి ఒర్రె (చిన్న వాగు) ఏమన్నా పోతుందా? పోతే అక్కడ కంచె కలిపి కట్టొద్దు, వరదకి చెత్త పట్టి రెండు పక్కల కడీలని కూడా లాక్కుపోతది, ఆ ముక్క వరకు విడిగా వేలాడే జాలి కట్టాలె. ఒర్రె ఉందో లేదో, మట్టి ఎర్రదో నల్లదో, నాలుగు పక్కల కొలతలు ఎంతో కింద రాయండి, కడీలు ఎన్ని, తీగ ఎన్ని అడుగులు పడతదో నేను లెక్క వేసి పెడతా.