పేరు పెట్టేముందు, ట్యాగ్ కొట్టించేముందు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

చేత్తో చేసినవి ఇంటినుంచే ఆన్‌లైన్‌లో అమ్మేవారి ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. అన్నీ ట్రేడ్‌మార్క్ (సరుకు ఎవరిదో గుర్తుపట్టడానికి వాడే పేరు, గుర్తు) చుట్టూ తిరిగేవే.

బొమ్మలకు క్రోషే గౌన్లు అల్లి అమ్ముతాను. 'బార్బీ గౌను, చేతి అల్లిక' అని పెడితే సైటువాళ్లు ఆ లిస్టింగ్ తీసేశారు. అదే మాట రాసి ఇంకా ఎంతోమంది అమ్ముతూనే ఉన్నారు. నేను బొమ్మ చేయలేదు, గౌనే కదా చేశాను! తప్పేముంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

గౌను మీదే, పేరు మాత్రం మీది కాదు. బార్బీ మాటెల్ కంపెనీ ట్రేడ్‌మార్క్. 'బార్బీ గౌను' అని చదవగానే ఆ కంపెనీ కుట్టించిన గౌనే అనుకుంటారు. చిక్కు అక్కడే వచ్చింది.

ఏ బొమ్మకు సరిపోతుందో చెప్పకుండా గౌను అమ్మలేరన్న సంగతి చట్టానికీ తెలుసు. ట్రేడ్‌మార్కుల చట్టం 1999, 30వ సెక్షన్ ఇందుకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఫలానా వస్తువుకు జతగా వాడేది అని తెలియజెప్పడానికి తప్పనిసరైనంత మేరకు ఆ పేరు వాడుకోవచ్చు. అయితే ఆ కంపెనీకీ మీకూ వ్యాపార సంబంధం ఉందన్న భావన ఎక్కడా కలగకూడదు.

అందుకని శీర్షికలో 'చేతి అల్లిక గౌను, పదకొండున్నర అంగుళాల ఫ్యాషన్ బొమ్మకు' అని రాయండి. బార్బీ ఎత్తు అంతే, కొనేవాళ్లకు అర్థమవుతుంది. కింద వివరణలో మామూలు అక్షరాల్లో ఒక్కసారి 'బార్బీ సైజు బొమ్మలకు సరిపోతుంది, ఆ కంపెనీకి మాకు సంబంధం లేదు' అని చెప్పండి. పైన శీర్షికలో తప్పుంచి కింద ఈ వాక్యం చేర్చితే మాత్రం అది మిమ్మల్ని కాపాడదు.

ఫొటోలు కూడా చూసుకోండి. వెనకాల బొమ్మ అట్టపెట్టె, దాని మీది గులాబీ రంగు అక్షరాలు కనిపిస్తుంటే తీసేయండి. కొనేవాళ్లకు కనపడకుండా సెర్చ్ కోసం ఇచ్చే ట్యాగ్‌లలోనూ ఆ పేరు ఉంచకండి. రీల్స్ చేసేవాళ్లు చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. 29వ సెక్షన్ ప్రకారం పేరు రాయడమే కాదు, నోటితో పలికి వాడినా ఉల్లంఘన కావచ్చు. 'బార్బీ గౌన్లు వచ్చేశాయండీ' అని వీడియోలో అన్నా లెక్కలోకి వస్తుంది.

మిగతావాళ్లు అమ్ముతున్నారన్నది కోర్టులో మీకు జవాబుగా నిలవదు. ఎవరిమీద ముందు ఫిర్యాదు చేయాలో నిర్ణయించుకునేది మార్క్ సొంతదారే.

చోటా భీమ్ బొమ్మల గుడ్డ హోల్‌సేల్‌లో తెచ్చి పిల్లల గౌన్లు కుడుతున్నాం. డబ్బిచ్చి కొన్న గుడ్డే కదా, ఇబ్బందేమీ ఉండదుగా?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

అది ఆ గుడ్డ ఎక్కడిదో దాన్ని బట్టి ఉంటుంది. గుడ్డ తాను అంచు విప్పి చూడండి. లైసెన్సు తీసుకుని అచ్చేసిన గుడ్డయితే ఆ సన్నటి అంచు మీద హక్కుదారు పేరు, కాపీరైట్ గుర్తు సాధారణంగా ఉంటాయి. 'అమ్మకానికి కుట్టరాదు' అని కూడా రాసి ఉంటే ఆ గుడ్డ వదిలేయండి. అంచు ఖాళీగా ఉండి, దుకాణంవాళ్లు బిల్లు కూడా ఇవ్వనంటే దొంగ అచ్చేనని అనుకోవడం మంచిది. దొంగ మార్క్ ఉన్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. ఇక్కడ బొమ్మకు కాపీరైట్ కూడా ఉంది, అది వేరే కేసు.

లైసెన్సు గుడ్డే అయినా లిస్టింగ్‌కు 'చోటా భీమ్ గౌను' అని పేరు పెట్టకండి. 'అచ్చు బొమ్మల కాటన్ గౌను' అనండి. గుడ్డ కొన్న బిల్లులు మాత్రం దాచుకోండి.

మా అక్కాచెల్లెళ్లం చేతి ఎంబ్రాయిడరీ సంచులు, దారం గాజులు చేస్తాం. 'తంగేడు' అని పేరు పెట్టాలనుకుంటున్నాం. ఇంకెవరికైనా ఆ పేరు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– ఇద్దరు పాఠకురాళ్లు, వరంగల్

ట్యాగ్‌లు, కవర్లు అచ్చుకు ఇవ్వకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. గూగుల్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వెతికి ఆగిపోవద్దు. ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే ప్రభుత్వ సంస్థది, ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ ఉంది, దానికి రుసుము లేదు.

ట్రేడ్‌మార్క్ నమోదుకు సరుకులను రకాలవారీగా నంబర్లిచ్చి 'క్లాసులు'గా విడదీశారు. ముందు మీ సరుకు ఏ క్లాసులోకి వస్తుందో తెలియాలి. చేతిసంచులు 18; గాజులు, నగలు 14; బట్టలు 25; లేసు, ఎంబ్రాయిడరీ 26; ఆటబొమ్మలు 28; పచ్చళ్లు 29. పలు రకాలు అమ్మే దుకాణానికి 35. మీరు 14, 18, 26, 35 నాలుగూ చూడాలి.

తెలుగు పేర్లతో వచ్చే అసలు ఇబ్బంది ఇంగ్లిష్ స్పెల్లింగులో ఉంది. తంగేడును ఒకరు 'టీ'తో మొదలుపెడతారు, ఒకరు 'టీహెచ్' రాస్తారు. చివర ఒకరు 'డి' పెడితే మరొకరు 'డిహెచ్' పెడతారు. ఇవన్నీ విడివిడిగా కొట్టి చూడండి. వర్డ్‌మార్క్ (పేరు కొట్టే గడి) దగ్గర 'కంటైన్స్' ఎంచుకుంటే పేరు మధ్యలో ఉన్నవీ దొరుకుతాయి. ఆ తర్వాత ఫొనెటిక్ సెర్చ్ తప్పకుండా చేయండి, వినడానికి దగ్గరగా ఉన్నవి అందులో బయటపడతాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తోందిగా అంటే కుదరదు. పేరు లీలగా గుర్తున్న మామూలు కొనుగోలుదారు పొరబడతాడా అన్నదే కోర్టు చూస్తుంది. అమృతధార, లక్ష్మణధార పేర్ల తగాదాలో 1962లో సుప్రీంకోర్టు ఇదే కొలత పెట్టి, రెండూ తికమక పెట్టేంత దగ్గరగా ఉన్నాయంది.

ఫలితాల్లో 'రిజిస్టర్డ్' అని ఉండి క్లాసూ మీదే అయితే ఆ పేరు మరిచిపోండి. 'అబ్జెక్టెడ్', 'అపోజ్డ్' అంటే ఇంకా నలుగుతున్నట్టు, అవతలివాళ్లకు దక్కవచ్చు. 'అబాండన్డ్' చూసి సంబరపడకండి. దరఖాస్తు వదిలేసినా వాళ్లు ఆ పేరుతో వ్యాపారం చేస్తూ ఉండవచ్చు. రిజిస్టర్ కాకపోయినా ముందునుంచీ వాడుతున్నవారికి, ఆ పేరుకు మంచిపేరు సంపాదించుకున్నవారికి హక్కు ఉంటుంది. దరఖాస్తు తెరిచి 'ఎప్పటినుంచి వాడుతున్నారు' అన్న తేదీ చదవండి.

పేరు ఖాళీగా ఉంటే టీఎం–ఏ ఫారంతో దరఖాస్తు చేయండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మన రెండు రాష్ట్రాలకూ రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. మీ దరఖాస్తును రిజిస్ట్రీ తన ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో ప్రకటించాక 4 నెలలు అభ్యంతరాలకు గడువు. రిజిస్టర్ అయితే 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. డబ్బు చాలకపోతే ముందు ఎక్కువ అమ్ముడయ్యే క్లాసు ఒక్కటే వేయమంటాం. ఈలోగా పేరు పక్కన 'టీఎం' వేసుకోవచ్చు. వృత్తంలో 'ఆర్' గుర్తు మాత్రం రిజిస్టర్ అయ్యేదాకా వేయకూడదు, అది చట్టవిరుద్ధం.

అమెరికాలోని మనవాళ్లకూ పంపుతారా? ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానికి ఆ దేశమే. అక్కడి పేటెంట్, ట్రేడ్‌మార్క్ ఆఫీసు సైట్‌లోనూ ఇదే వెతుకులాట చేయండి.

సంచికి అంటించే పట్టీని 'వెల్క్రో' అని రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

అదీ ఒక కంపెనీ ట్రేడ్‌మార్కే. వాళ్ల పట్టీయే వాడితే వివరణలో నిజం చెప్పుకోవచ్చు. వేరేది వాడితే 'అంటుకునే పట్టీ' అనండి.

డిజిటల్ ప్రింట్ చీరలను 'కలంకారీ' అని, బయట చేయించిన చెక్కబొమ్మలను 'కొండపల్లి బొమ్మలు' అని అందరూ అమ్ముతున్నారు. మేమూ రాయొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

వద్దండీ. ఇవి ఊరికే వాడుకలో ఉన్న పేర్లు కావు. శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ, కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు, పోచంపల్లి ఇక్కత్, చేర్యాల పటాలు భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందినవి, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుంది. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో, ఏటికొప్పాక లక్కబొమ్మ అంకుడు కర్రతో చేస్తారు. మిషన్ మీద అచ్చేసిన గుడ్డకు ఆ పేరు తగిలిస్తే నెలల తరబడి ఆ పని చేసేవాళ్ల కూలి పడిపోతుంది. అలా రాయొద్దని మేం గట్టిగా చెప్పడానికి చట్టం కన్నా ఇదే పెద్ద కారణం.

మీ చీరకు 'కలంకారీ తరహా' అని కూడా వద్దు, 'పూల డిజిటల్ ప్రింట్' అని సూటిగా రాయండి. అసలైన కొండపల్లి బొమ్మలే అక్కడి కళాకారుల నుంచి కొని తిరిగి అమ్ముతుంటే ఆ పేరు నిరభ్యంతరంగా వాడవచ్చు, బిల్లు దగ్గర ఉంచుకోండి. అక్కడ స్వయంగా చేసేవారైతే జీఐ–3 ఫారంతో అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దరఖాస్తు రుసుము 10 రూపాయలే.

ఒక కంపెనీ లాయరు నోటీసు పంపారు. వారంలో జవాబివ్వమన్నారు. కాళ్లూ చేతులూ ఆడటం లేదు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఆ రోజే లిస్టింగ్ పేజీలు, ఎన్ని పీసులు ఎంతకు అమ్మారు, మొదట ఎప్పుడు పెట్టారు అన్నవి స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. తర్వాత అమ్మకం ఆపండి. లిస్టింగ్‌ను ముందే చెరిపేస్తే మీకు పనికొచ్చే తేదీలు కూడా పోతాయి. నోటీసులో ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు పబ్లిక్ సెర్చ్‌లో కొట్టి అది నిజంగా వాళ్లదేనా, ఏ క్లాసు, ఇంకా చెల్లుతోందా చూడండి. ఫోన్‌లో క్షమాపణలు చెప్పకండి, 'ఇకపై వాడను' అన్న హామీపత్రం లాయరు చదవకుండా సంతకం పెట్టకండి. అందులో నష్టపరిహారం మాట కూడా ఉండవచ్చు.

జవాబివ్వకుండా మాత్రం ఉండొద్దు. తాము వ్యాపారం చేసే ఊళ్లో దావా వేసే వీలు 134వ సెక్షన్ మార్క్ సొంతదారుకు ఇస్తుంది. అలాగైతే మీరు ఢిల్లీకో ముంబయికో తిరగాల్సి రావచ్చు. వాళ్ల పేరుకన్నా ముందునుంచే మీరు మీ పేరు వాడుతున్నట్టు పాత బిల్లులు, కొరియర్ రశీదులు ఉంటే మొట్టమొదట అవి లాయరు చేతిలో పెట్టండి. 34వ సెక్షన్ ముందునుంచీ వాడుతున్నవారికి రక్షణ ఇస్తుంది.