సందేహాలు – సమాధానాలు: పురస్కారమా, బహుమతా, అవార్డా?

సందేహం: కామిక్ పుస్తకాల రంగంలో ప్రతిభకు అమెరికాలో ఇచ్చిన కిర్బీ అవార్డుల చరిత్ర మీద ఒక పత్రికకు వ్యాసం రాశాను. నేను "కిర్బీ అవార్డు వచ్చింది" అని రాస్తే అచ్చులో "కిర్బీ పురస్కారాన్ని కైవసం చేసుకున్నారు" అని మారింది. కామిక్ పుస్తకాలు కాస్తా "హాస్య పుస్తకాలు" అయ్యాయి. అవార్డు, పురస్కారం, బహుమతి ఒకటేనా? ఏది వాడాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: అమ్మా, "అవార్డు" కొట్టేసి "పురస్కారం" అని దిద్దినవారి మీద నాకు కోపం లేదు. దాని పక్కన "కైవసం" చేర్చినందుకే బాధ. కై అంటే చెయ్యి. చేతికి చిక్కించుకోవడం కైవసం. కోటలను, గద్దెలను కైవసం చేసుకుంటారు. పురస్కారాన్ని అలా ఎవరూ చేసుకోలేరు. ఎందుకో ఆ మాట పుట్టుకే చెబుతుంది.

"పురస్" అంటే ముందు. పురస్కారం అంటే ముందుంచడం. డబ్బు, శాలువా, జ్ఞాపిక ఇవేవీ ఆ మాటలో లేవు. నలుగురిలో ఒకరిని ముందుకు పిలిచి నిలబెట్టడం, మిగిలినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేయడం, అంతే. ఋగ్వేదం మొదటి మంత్రంలోనే అగ్నిని "పురోహితం" అన్నారు. పురోహితుడంటే ముందుంచబడినవాడు. కుమారసంభవం రెండో సర్గ మొదలుపెడుతూ కాళిదాసు "తురాసాహం పురోధాయ" అంటాడు. తారకాసురుడి బాధ పడలేక దేవతలు ఇంద్రుణ్ణి ముందు పెట్టుకొని బ్రహ్మ దగ్గరికి వెళ్లారట. పెద్దవాళ్ల దగ్గర పని ఉంటే మనమూ ఊళ్లో ఒక పెద్దమనిషిని ముందు పెట్టుకొనే కదా వెళ్తాం! పత్రికల్లో కనిపించే "జయంతిని పురస్కరించుకొని" కూడా ఇదే. ఆ రోజును ముందు పెట్టుకొని అని. అందుకని అది తప్పు కాదు. కానీ "భారీ వర్షాలను పురస్కరించుకొని సెలవు" అంటే మాత్రం ఒప్పుకోను. వర్షాల వల్ల సెలవు, అంతే.

పాణిని నమస్సును, పురస్సును ఒకే సూత్రంలో కలిపి చెప్పాడు. వాటి పక్కనే నడిచే మరో మాట తిరస్కారం. తిరస్ అంటే అడ్డంగా, మరుగున. ఒకరిని ముందుంచితే పురస్కారం, మరుగున పడేస్తే తిరస్కారం. మీ వ్యాసం చదువుతున్నంతసేపూ నా మనసులో ఈ రెండు మాటలే తిరిగాయి. జాక్ కిర్బీ సంగతే చూడండి. 1941లో జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాను, 1961లో స్టాన్ లీతో కలిసి ఫెంటాస్టిక్ ఫోర్‌ను నిలబెట్టిన చిత్రకారుడు. 1985లో ఆయన పేరు మీద అవార్డులు మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే తాను గీసిన అసలు పేజీలు తనకు తిరిగి ఇమ్మని ఆయన మార్వెల్ సంస్థతో పోరాడుతున్నారు. చివరికి 1987లో కొన్నే చేతికొచ్చాయి. పేరుకు పురస్కారం, చేతి గీతకు తిరస్కారం. ఒకే మనిషికి, ఒకే కాలంలో. నిఘంటువులో పక్కపక్కన కూర్చోబెట్టినా ఈ రెండు మాటల తేడా ఇంత బాగా తెలియదు.

ఆ అవార్డూ ఎక్కువ కాలం నిలవలేదు. ఫాంటాగ్రాఫిక్స్ అనే ప్రచురణ సంస్థ వారి "అమేజింగ్ హీరోస్" పత్రిక తరఫున డేవ్ ఓల్‌బ్రిచ్ దాన్ని నడిపేవారు. ఆయన ఆ సంస్థ వదిలి వెళ్లడంతో అవార్డు మాదంటే మాదని పేచీ వచ్చింది. 1987తో ఆ పేరే ఆగిపోయింది. 1988 నుంచి రెండు కొత్త అవార్డులు పుట్టాయి. ఓల్‌బ్రిచ్ వైపు కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ పేరు మీద ఒకటి, ఫాంటాగ్రాఫిక్స్ వైపు "మ్యాడ్" పత్రికకు ప్రాణం పోసిన హార్వీ కర్ట్‌జ్‌మన్ పేరు మీద ఒకటి. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు పంచుకున్నారు. 1990లో ఓట్ల పత్రాల గందరగోళంతో ఐస్నర్ అవార్డు అసలు ఇవ్వనే లేదు. తర్వాత జాకీ ఎస్ట్రాడా పగ్గాలు పట్టాక నిలదొక్కుకుంది. ఐస్నర్ 2005 జనవరిలో పోయారు. అంతవరకూ తన పేరున్న అవార్డును తనే వేదిక మీద నిలబడి అందించేవారు.

ఈ మాట దగ్గర నాకు పెద్దన గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? రాయలు పోయాక పెద్దన చెప్పాడని ప్రసిద్ధి ఉన్న చాటుపద్యం చూడండి. దారిలో ఎదురైతే రాయలు తన ఏనుగును ఆపి, చెయ్యి ఊతమిచ్చి ఎక్కించుకున్నాడు. మనుచరిత్ర అందుకున్నప్పుడు పల్లకీని తన చేత్తో ఎత్తాడు. కవిగండపెండేరానికి "ఈవె తగుదని తానె పాదమున తొడిగె". ఆ "తానె" చూడండమ్మా. ఒక్క మాట మీద ఎంత బరువు పెట్టాడో! పెండేరం బంగారమా, ఎన్ని తులాలు అన్నది కవి చెప్పలేదు. కాలికి తొడగాలంటే రాజు వంగాలి. ఆ వంగడం చెప్పాడు. అదే పద్యంలో అడిగిన సీమల్లో అగ్రహారాలు ఇచ్చిన సంగతీ ఉంది. కానీ అది నాలుగో పాదంలో వస్తుంది. ముందు ఏనుగు, తర్వాత పల్లకీ, తర్వాత పాదం, ఆ తర్వాతే భూమి. పురస్కారం అనే మాటకు నాకు తెలిసిన మంచి వ్యాఖ్యానం ఇదే. ఆ మాట మాత్రం పద్యంలో ఎక్కడా లేదు.

బహుమతి అంటే సంస్కృతంలో ఎక్కువగా ఎంచడం, గొప్ప గౌరవం. తెలుగులో అది పరుగు పందెంలో ఇచ్చే కప్పు దగ్గరికీ, పెళ్లిలో ఇచ్చే కుక్కరు దగ్గరికీ వచ్చింది. వచ్చిందని ఏడవక్కర్లేదు.

ఇక అవార్డు. చూసి తేల్చడం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట దీనికి మూలం. అంటే తీర్పు. మనకీ ఆ అర్థం కొత్త కాదు. కృష్ణా జలాల మీద బచావత్ అవార్డు అంటే ఉభయ రాష్ట్రాల్లో రైతుకు కూడా తెలుసు. 811 టీఎంసీలు అని వెంటనే చెబుతాడు. దాన్ని ఎవరైనా "బచావత్ పురస్కారం" అంటారా? భూసేకరణ అవార్డునూ అలా మార్చలేం. కాబట్టి ఇంగ్లిషు మాట కనబడగానే సంస్కృతం పెట్టేయడం భాషాసేవ అనుకునేవారు కాస్త ఆగి ఆలోచించాలి. "అవార్డ్స్‌లు" అని బహువచనం మీద బహువచనం వేసేవారు కూడా.

మీ ప్రశ్నకు వస్తే, నేను గీత గీసి చెప్పలేను. ఐస్నర్ అవార్డులకు నిర్ణాయక సంఘం పేర్లు ఎంపిక చేస్తుంది, ఆ రంగంలో పనిచేసేవారు ఓట్లు వేస్తారు. పోటీ ఉంది కాబట్టి "గెలుచుకున్నారు" అన్నా తప్పు పట్టను. 2021లో మన ఆనంద్ ఆర్.కె.కు, జాన్ పియర్సన్‌కు కలిపి చిత్రరచనకు వచ్చిన దాన్ని అవార్డు అన్నా సరే, బహుమతి అన్నా సరే. అయితే 1987 కిర్బీ అవార్డుల్లో కిర్బీ, ఐస్నర్, డొనాల్డ్ డక్ కథల చిత్రకారుడు కార్ల్ బార్క్స్ ముగ్గురినీ జీవితకాల కృషికి ప్రముఖుల వరసలో చేర్చారే, అక్కడ పురస్కారం అన్న మాట నిండుగా ఉంటుంది. అందుకున్నారు అనండి, పొందారు అనండి.

"హాస్య పుస్తకాలు" మాత్రం పూర్తిగా తప్పు. పత్రికల్లో మొదట్లో నవ్వించే బొమ్మలే ఎక్కువగా వచ్చాయి గనక ఇంగ్లిషులో ఆ పేరు పడింది. పేరు మిగిలింది, నవ్వు మిగలలేదు. యూదుల ఊచకోత మీద వచ్చిన "మౌస్" రెండో భాగానికి 1992లో ఐస్నర్ అవార్డు ఇచ్చారు. దాన్ని హాస్య పుస్తకం అంటే ఎంత నొప్పిగా ఉంటుంది! మనకు బొమ్మల కథ అనే చక్కని మాట ఉంది. కామిక్స్ అన్నా అందరికీ తెలుస్తుంది.

చివరగా, మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. మీ వ్యాసంలో రెండుచోట్ల "పురస్కార ప్రధానం" అని ఉంది. ఇవ్వడం ప్రదానం, ముఖ్యమైనది ప్రధానం. మొన్న ఒక బడి వార్షికోత్సవానికి వెళ్తే ఫ్లెక్సీ మీద, పిల్లల సర్టిఫికెట్ల మీద కూడా "బహుమతి ప్రధానోత్సవం" అనే ఉంది. చిత్రలేఖనంలో మొదటి బహుమతి వచ్చిన ఆరో తరగతి పాప కాగితం తెచ్చి సంతకం అడిగింది. ముందు బ్లేడు అడిగి, ధ కింది ఆ చిన్న నిలువు గీతను మెల్లగా గీకి, అప్పుడు సంతకం పెట్టాను. పాప కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసుకొని, "ఇప్పుడు కరెక్టేనా తాతగారూ?" అంది. ఆ పాప పక్కనే ఇంకో నలభైమంది వరసలో ఉన్నారు. బ్లేడు ఒక్కటే ఉంది.