కర్లీ పోగుల గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

చిత్తుప్రతి చదివాను. మొదటి పేరా అల్జీమర్స్, రెండోది పార్కిన్సన్స్. బాక్టీరియా వచ్చేసరికి మూడో పేజీ. ఆ రెండూ కొట్టేయి. ఈ.కోలై అనే బాక్టీరియా అమైలాయిడ్ పోగుల్ని (ఆ జబ్బుల్లో మెదడులో పేరుకునేలాంటి గట్టి ప్రోటీన్ పోగుల్ని) పనిగట్టుకుని తయారుచేసి, వాటితో బయోఫిల్మ్‌ను, అంటే కణాలు గుంపుగా అంటుకుని ఉండే పొరను, నిలబెట్టుకుంటుంది. కర్లీ అనే ఈ పోగులు అమైలాయిడ్‌లేనని 2002లో తేలింది. అక్కడ ఎత్తుకో.

ఇలా గడ్డకట్టే ప్రోటీన్, బాక్టీరియా కణం లోపలే ఎందుకు గడ్డకట్టదు? దీన్ని నువ్వు "రక్షణ వ్యవస్థలున్నాయి" అని దాటేశావు. వ్యాసమంతా ఉన్నది ఆ మాటలోనే, విప్పి రాయి.

పోగుకు ముడిసరుకు సీఎస్‌జీ-ఏ అనే ప్రోటీన్, 151 అమైనో ఆమ్లాల గొలుసు. కణపు లోపలి పొర దాటేటప్పుడు మొదటి 20 తెగిపోతాయి. రెండు పొరల మధ్య సీఎస్‌జీ-సీ అనే మరో ప్రోటీన్ కాపలా ఉంటుంది. పరీక్షనాళికలో 500 సీఎస్‌జీ-ఏలకు ఇది ఒక్కటున్నా పోగు పడటం ఆగింది. బయటి పొరలో తొమ్మిది సీఎస్‌జీ-జీలు కలిసి ఒక రంధ్రం. దాని ఇరుకు చోటు సుమారు ఒక నానోమీటరే కాబట్టి గొలుసు ముడుచుకోకుండా ఉంటేనే దూరుతుంది. (నానోపోర్ డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌లో వాడుతున్నది ఈ రంధ్రానికి మార్చిన రూపాలనే. ఒక్క వాక్యం రాయి, చాలు.) బయట సీఎస్‌జీ-ఎఫ్ సాయంతో పొరను పట్టుకున్న సీఎస్‌జీ-బీ, పాలకు తోడులా, పోగు మొదలుపెడుతుంది.

సీఎస్‌జీ-ఏలో మళ్లీమళ్లీ వచ్చే అయిదు ముక్కల్లో నడిమి మూడింటిలోని కొన్ని ఆస్పార్టిక్ ఆమ్లాలు, గ్లైసిన్‌లు తొందరపాటును ఆపుతాయి. వాటిని మారిస్తే తోడు లేకుండానే, చోటు తప్పి పోగులు పడి కణానికే విషమవుతాయి. నీ చిత్తులో ఇది అసలే లేదు. దీనికి రెండు పేరాలివ్వు.

ప్రయోగం కూడా చూపించు. బాక్టీరియాను పెంచే పళ్లేనికి, లీటరుకు కాసమినో ఆమ్లాలు 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1 గ్రాము, అగర్ 20 గ్రాములు, కర్లీకి అంటుకునే కాంగో రెడ్ రంగు 50 మిల్లీగ్రాములు. 26 డిగ్రీల దగ్గర 48 గంటలు. తోడు (సీఎస్‌జీ-బీ) లేని రకాన్నీ, ముడిసరుకు (సీఎస్‌జీ-ఏ) లేని రకాన్నీ తగలకుండా పక్కపక్కన గీస్తే, రెండోదాని దగ్గరి అంచు మాత్రం ఎర్రబడుతుంది: పక్కవాడు వదిలిన సీఎస్‌జీ-ఏ అక్కడ పోగైంది.

37 డిగ్రీల దగ్గర పెట్టినా, ఉప్పు ఎక్కువైనా చాలా ప్రయోగశాల రకాలు కర్లీ కట్టవు. సెల్యులోజ్ కూడా కాంగో రెడ్ పట్టుకుంటుంది గనక "ఎర్రగా ఉంది, కర్లీయే" అని రాయకు. ఆ పోగులు ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌లో మరిగించినా కరగక, గాఢ ఫార్మిక్ ఆమ్లంతో విడిపోయి, ప్రోటీన్లను సైజు వారీగా వేరుచేసే జెల్‌లో సీఎస్‌జీ-ఏ పట్టీ కనిపిస్తే అప్పుడు రాయి.